కొత్త కైడెక్స్ హోల్‌స్టర్ కొత్త చెప్పులా కరుస్తోంది, ఎన్నాళ్లకు మెత్తబడుతుంది?

గోదారిగట్టు (ఫ్రిస్కో, టెక్సస్), శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లయింది. పోయిన నెల గ్లాక్ 19 ఐదో తరం పిస్తోలు కొన్నాను. ప్యాంటు నడుము లోపలివైపు పెట్టుకునే కైడెక్స్ హోల్‌స్టర్ (గట్టి ప్లాస్టిక్‌తో చేసిన పిస్తోలు ఒర) ఒకటి గన్ షోలో బల్ల మీద కుప్ప పోసి అమ్ముతుంటే 30 డాలర్లకు తీసుకున్నాను. "గ్లాక్ 19కి సరిపోతుంది" అని దాని మీద కాగితం అంటించి ఉంది.

పిస్తోలు లోపలికి కాస్త బలవంతాన దిగుతోంది. బయటికి లాగితే మాత్రం పిస్తోలుకు బదులు ప్యాంటు పైకి వస్తోంది. అద్దం ముందు నా అవస్థ చూసి మా ఆవిడ నవ్వు ఆపుకోలేక సోఫాలో కూలబడింది.

మా తాతగారు కొత్త కిర్రుచెప్పులకు ఆముదం పట్టించి రాత్రంతా వదిలేసేవారు. రెండు వారాలకు చెప్పు పాదం మాట వినేది. అది గుర్తొచ్చి నేనూ హోల్‌స్టర్ లోపల తుపాకీ నూనె రాసి, పిస్తోలును మూడు రాత్రులు అందులోనే ఉంచాను. పట్టు ఏమీ తగ్గలేదు, పైగా స్లైడ్ (పిస్తోలు పైన వెనక్కీ ముందుకూ జరిగే లోహపు భాగం) మీద వెంట్రుకంత గీత పడింది. ఇంకా ఎన్ని రోజులు ఉంచాలి?

తోలుబెల్టు (విజయవాడ, ప్రస్తుతం న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో), శనివారం రాత్రి

బాబూ, మీ తాతగారి పద్ధతి తప్పు కాదు, కాకపోతే అది తోలుకు. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేశాను. మాకు ఇచ్చింది .38 రివాల్వర్, మూత ఉన్న గోధుమరంగు తోలు ఒర, మెడలో తాడు. కొత్త ఒర వస్తే రివాల్వర్‌ను ఖాళీ చేసి, పాలిథిన్ సంచి రెండు మడతలు చుట్టి, ఒరలోకి దింపి రాత్రంతా ఉంచేవాళ్లం. సంచి మందం మేరకు తోలు సాగేది. పొద్దున్నే సంచి తీసేస్తే రివాల్వర్ హాయిగా జారి వచ్చేది. నూనె మాత్రం, చెప్పులకు సరే గానీ, ఒర తోలుకు మేము రాసేవాళ్లం కాదు. నూనె తాగిన తోలు గుడ్డలా వేలాడుతుంది.

ఈ ప్లాస్టిక్ సంగతి నాకు తెలియదు. తెలిసినవారు చెప్పాలి.

మరమేకు (ఒహాయో), శనివారం అర్ధరాత్రి

పెద్దాయన చెప్పినదాంట్లో సగం సమాధానం ఉంది. తోలు ఒకప్పుడు చర్మం. తడికి, వేడికి, ఒత్తిడికి లొంగుతుంది. కైడెక్స్ ఆక్రిలిక్, పీవీసీ కలిపి చేసిన ప్లాస్టిక్ రేకు. మొదట్లో దీన్ని తయారు చేసింది విమానాల లోపలి భాగాల కోసం. 1960ల నాటి మాట. హోల్‌స్టర్లకు ఎక్కువగా 2 మిల్లీమీటర్ల రేకు వాడతారు. దాన్ని సుమారు 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడి చేస్తే తడి అప్పడంలా వేలాడుతుంది. అప్పుడు పిస్తోలు ఆకారంలో ఉన్న డమ్మీ మీద పరిచి, స్పాంజీ పలకల మధ్య నొక్కి, చల్లారేదాకా ఉంచుతారు. చల్లారాక అది ఏ ఆకారంలో ఉందో అదే దాని ఆకారం. మూడు రాత్రులు కాదు, మూడేళ్లు ఉంచినా పిస్తోలు దాన్ని సాగదీయలేదు. ఆదివారాలు మా గరాజ్‌లో ఇవి చేస్తుంటాను గనుక ఇంత ధీమాగా చెబుతున్నాను.

మరి కొత్త హోల్‌స్టర్ వాడగా వాడగా సాఫీ అవుతుందని అందరూ ఎందుకంటారు? అదీ నిజమే. లోపల కోత అంచులు, రంధ్రాలు తొలిచినప్పుడు మిగిలిన పొక్కులు అరిగిపోతాయి. ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) దగ్గర రేకును లోపలికి నొక్కిన సొట్ట ఒకటి ఉంటుంది, పిస్తోలు దిగినప్పుడు "టిక్" అని వినిపించేది అక్కడే. దాని మొన కూడా కాస్త నునుపు తేలుతుంది. ఖాళీ పిస్తోలుతో యాభై, వంద సార్లు తీసి పెడితే ఈ పని అయిపోతుంది. అంతకు మించి మారేది హోల్‌స్టర్ కాదు, మన చెయ్యి.

నూనె వెంటనే కడిగేయండి. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు చాలు. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, దుమ్ము ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. మీ స్లైడ్ మీద గీత పెట్టింది ప్లాస్టిక్ కాదు, ఆ దుమ్మే.

ఇక పట్టు సంగతి. హోల్‌స్టర్‌కు, ట్రిగ్గర్ గార్డు కింది అంచున ఒకటో రెండో స్క్రూలు, వాటి చుట్టూ నల్లటి రబ్బరు వాషర్లు కనిపిస్తాయి. వాటిని పావు చుట్టు వదులు చేయండి. పిస్తోలు పెట్టి తీసి చూడండి. చాలకపోతే ఇంకో పావు. ఒకేసారి రెండు చుట్లు తిప్పేస్తే ఏ మలుపు దగ్గర సరిపోయిందో తెలియదు.

వీటన్నిటికంటే ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) బయటికి తీయండి, స్లైడ్ లాగండి, చాంబర్‌ను (గొట్టం వెనుక తూటా కూర్చునే చోటును) కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి చూడండి. తూటాలు మీరు కూర్చున్న గదిలోనే ఉండకూడదు. ఇది చెప్పకుండా వదిలేస్తే నిద్ర పట్టదు నాకు.

చాదస్తపు చారి (అట్లాంటా), ఆదివారం ఉదయం

ముప్పై డాలర్ల డబ్బాకు ఇంత శాస్త్రమా! నేను పన్నెండు డాలర్ల నైలాన్ సంచీ వాడుతున్నాను. ఏ పిస్తోలైనా పడుతుంది, ఏ స్క్రూలూ లేవు, కరవదు, గీయదు.

మరమేకు (ఒహాయో), ఆదివారం ఉదయం

చారిగారూ, ఖాళీ పిస్తోలును అందులో పెట్టి, బట్ట పైనుంచి బొటనవేలితో ట్రిగ్గర్ ఉన్నచోట నొక్కండి. ట్రిగ్గర్ మీ వేలికి తగిలితే అది ఒర కాదు, జేబు. ఒర చేయాల్సిన మొదటి పని ట్రిగ్గర్‌కు గట్టి గోడ కట్టడం. పిస్తోలు పడిపోకుండా పట్టుకోవడం ఆ తరువాత.

చాదస్తపు చారి (అట్లాంటా), ఆదివారం ఉదయం

నొక్కాను. తగిలింది. ఇక ఈ విషయం మీద నేను మాట్లాడను.

కొత్తవీసా (ఇర్వింగ్, టెక్సస్), ఆదివారం మధ్యాహ్నం

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. నాది హెచ్1బీ. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు దాటినవారికి లైసెన్సు లేకున్నా పిస్తోలు వెంట ఉంచుకునే వీలుంది కదా. నేనూ కొనుక్కోవచ్చా?

సావిత్రి (హ్యూస్టన్), ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడూ, తొందరపడకు. అది రాష్ట్ర చట్టం. దాని పైన కేంద్ర చట్టం ఉంది. వలసేతర వీసాల మీద ఉన్నవారు, అంటే హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటివారు తుపాకీ దగ్గర ఉంచుకోవడం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. కానీ చర్చా వేదికలో చదివిన మాట నమ్మి వీసాను పణంగా పెట్టకు, వకీలును అడుగు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. గోదారిగట్టుగారు ఆ ముక్క మొదటి వాక్యంలోనే రాసింది అందుకే అయి ఉంటుంది.

తోలుబెల్టు (న్యూజెర్సీ), ఆదివారం మధ్యాహ్నం

నా సంగతీ అంతే. ముప్పై ఏళ్లు నడుముకు రివాల్వర్ కట్టుకు తిరిగినవాణ్ణి. ఇక్కడ సందర్శకుడి వీసా మీద కూరగాయల కత్తి తప్ప మరేదీ పట్టుకోవడం లేదు.

గోదారిగట్టు (ఫ్రిస్కో), ఆదివారం రాత్రి

మరమేకుగారూ, మీరు చెప్పినట్టే నూనె కడిగి, ఆరబెట్టి, స్క్రూ పావు చుట్టు చొప్పున మూడుసార్లు వదులు చేశాను. ప్యాంటు పైకి రావడం తగ్గింది. కానీ ఒక చోట ఇంకా అడ్డం పడుతోంది. లాగడం మొదలుపెట్టగానే కుడివైపు ఏదో గోకినట్టు చప్పుడు. ఇంకా వదులు చేస్తే తలకిందులు చేసినప్పుడు పిస్తోలు జారి పరుపు మీద పడుతోంది. ఖాళీదే, కంగారు పడకండి.

మరమేకు (ఒహాయో), ఆదివారం రాత్రి

స్క్రూతో పోనిది స్క్రూ వల్ల వచ్చింది కాదు. ఎక్కడ రాసుకుంటోందో కనిపెట్టాలి. పిస్తోలు కుడివైపు కాస్త ఎత్తుగా ఉన్న భాగాలకు కాటుకో లిప్‌స్టిక్కో పలచగా రాసి, ఒకసారి పెట్టి తీయండి. రంగు హోల్‌స్టర్‌లో ఎక్కడ అంటిందో అక్కడ దొంగ దొరుకుతాడు.

గోదారిగట్టు (ఫ్రిస్కో), సోమవారం రాత్రి

దొరికాడు. మా ఆవిడ కాటుక అప్పు తీసుకున్నాను. హోల్‌స్టర్ కుడి గోడ లోపల, దాని పై అంచుకు అర అంగుళం కింద, బియ్యపు గింజంత నల్లటి మచ్చ. దానికి ఎదురుగా పిస్తోలు మీద ఉన్నది కుడివైపు స్లైడ్ స్టాప్ మీట, స్లైడ్‌ను వెనక్కి ఆపి ఉంచేది.

మరమేకు (ఒహాయో), సోమవారం రాత్రి

అయితే కథ అర్థమైంది. గ్లాక్ 19 ఐదో తరంలో స్లైడ్ స్టాప్ మీట రెండువైపులా ఉంటుంది, ఎడమచేతివాటం వారి కోసం. మూడు, నాలుగు తరాల్లో ఎడమవైపు మాత్రమే. మీకు అమ్మింది పాత తరం అచ్చు మీద చేసిన హోల్‌స్టర్. దాని కుడి గోడలో ఆ మీటకు చోటు వదలలేదు. కాగితం మీద "గ్లాక్ 19" అని రాయడం అబద్ధం కాదు, నిజమూ కాదు.

తోలుబెల్టు (న్యూజెర్సీ), సోమవారం రాత్రి

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని విన్నాం గానీ, ఒక పిస్తోలుకే రెండు మీటలు ఇమడని ఒరను ఇప్పుడే చూస్తున్నాను.

చాదస్తపు చారి (అట్లాంటా), మంగళవారం ఉదయం

మాట్లాడనన్నాను గానీ ఆగలేకపోతున్నాను. హీట్ గన్‌తో (వేడి గాలి ఊదే పరికరం) ఆ ఒక్క చోట వేడి చేసి, లోపలినుంచి బయటికి నొక్కితే పోదా? వీడియోల్లో అందరూ చేస్తున్నారు.

మరమేకు (ఒహాయో), మంగళవారం ఉదయం

పోతుంది, మిగతాదంతా దాంతోపాటే పోతుంది. నేనూ అలా సరిచేస్తాను, కాకపోతే బెల్టు క్లిప్పు వైపో, గొట్టం మూతి వైపో. ఈ మీట ట్రిగ్గర్ గార్డుకు అంగుళం దూరంలో ఉంది. వేడి గాలికి గీత గీసి "ఇక్కడితో ఆగు" అని చెప్పలేం. 170 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే రేకు బిగువు సడలడం మొదలవుతుంది. హీట్ గన్ నుంచి వచ్చే గాలి దానికి ఎన్నో రెట్లు. మరీ మాడితే పీవీసీ ఘాటైన విషవాయువు వదులుతుంది. ముప్పై డాలర్ల కోసం ఆ చోట చెయ్యి పెట్టొద్దు. ఐదో తరానికని స్పష్టంగా రాసి అమ్మేది కొనుక్కోండి.

గోదారిగట్టు (ఫ్రిస్కో), బుధవారం రాత్రి

మీ మాట వినలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

పక్కింటాయన దగ్గర హీట్ గన్ తెచ్చి, వరండాలో కూర్చుని, మచ్చ ఉన్నచోట నాలుగంగుళాల దూరం నుంచి తిప్పుతూ వేడి పెట్టాను. అర నిమిషం ఏమీ కాలేదు. ఇంకొంచెం దగ్గరికి తెచ్చాను. అంతే, అంచు అప్పడంలా ముడుచుకుంది. కంగారులో స్క్రూడ్రైవర్ పిడితో లోపలినుంచి నెట్టాను. మీట ఉన్నచోట ఉబ్బింది, బాగానే ఉందనుకున్నాను. దాని కింద, ట్రిగ్గర్ గార్డు మూతి దగ్గర, రేకు లోపలికి కుంగడం నేను గమనించలేదు.

చల్లారాక పిస్తోలు ఖాళీగా ఉందో లేదో చూసుకున్నాను, స్లైడ్ లాగి, కంటితో, వేలితో. హోల్‌స్టర్‌లోకి దింపాను. ఈసారి ఎక్కడా గోకలేదు. భలే అనుకుంటుండగా, చివరి అర అంగుళంలో "టక్" మంది.

కుంగిన అంచు ట్రిగ్గర్‌ను నొక్కింది. గొట్టం మూతి నా కుడి మోకాలి వైపు ఉంది. చాంబర్ ఖాళీ గనుక ఈ రాత్రి ఇది రాస్తున్నాను. పది నిమిషాలు అలాగే కూర్చుండిపోయాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

సావిత్రి (హ్యూస్టన్), బుధవారం రాత్రి

ముందు ఆమెకు చెప్పండి. తరువాత ఆ హోల్‌స్టర్‌ను రంపంతో రెండు ముక్కలు చేసి చెత్తలో వేయండి. అలాగే పడేస్తే ఎవరో ఏరుకుని నడుముకు పెట్టుకుంటారు.

మరమేకు (ఒహాయో), బుధవారం రాత్రి

ఖాళీ చేసి చూసుకున్నారు, అది చాలు. తిట్టే ఓపిక లేదు నాకు. కొత్తది వచ్చాక చెప్పండి, మొదటినుంచి కలిసి చూద్దాం.

గోదారిగట్టు (ఫ్రిస్కో), తరువాతి శుక్రవారం

మా ఆవిడకు చెప్పాను. వివరాలు ఇక్కడ రాయను. పాతదాన్ని రెండు ముక్కలు చేసింది ఆవిడే.

కొత్తది వచ్చింది, 75 డాలర్లు. ఐదో తరానికే చేసినది. కాటుక పరీక్షలో ఎక్కడా మచ్చ లేదు. "టిక్" స్పష్టంగా వినిపిస్తోంది. పొడిగా, ఖాళీ పిస్తోలుతో డెబ్బై సార్లు తీసి పెట్టాను. మొదటి ఇరవైకి ఉన్న గరుకుదనం తరువాత లేదు. స్క్రూ పావు చుట్టు బిగించాను. తలకిందులు చేసి పరుపు మీద ఊపితే పడటం లేదు, లాగితే ప్యాంటు కదలడం లేదు.

ఇప్పుడు వేరే బాధ. కూర్చుంటే గొట్టం మూతి తొడను పొడుస్తోంది. నిలబడితే పిడి చొక్కా మీద గుబ్బలా కనిపిస్తోంది. కుడి తుంటి మీద, నిటారుగా పెట్టుకున్నాను.

మరమేకు (ఒహాయో), శుక్రవారం

ఊపి చూసేటప్పుడు ఒక సంగతి. ఖాళీ గ్లాక్ 19 బరువు సుమారు 24 ఔన్సులు. 15 తూటాలు నిండితే 30 ఔన్సులు. ఖాళీదాన్ని ఆపిన పట్టు నిండుదాన్ని ఆపకపోవచ్చు. మందుగుండు లేని డమ్మీ తూటాలు దొరుకుతాయి. మ్యాగజైన్ నిండా అవి పెట్టి ఊపండి.

నడుము బాధ గురించి సావిత్రిగారు నాకంటే బాగా చెబుతారు. నేను చేయడమే గానీ పొద్దస్తమానం పెట్టుకు తిరగను.

సావిత్రి (హ్యూస్టన్), శుక్రవారం రాత్రి

రెండేళ్లు నేనూ ఇదే అనుభవించాను. నాలుగు హోల్‌స్టర్లు మార్చాక తెలిసింది, తప్పు హోల్‌స్టర్లది కాదు, బెల్టుదని. ఆఫీసు ప్యాంటుకు పెట్టుకునే మెత్తటి బెల్టు పిస్తోలు బరువుకు మెలి తిరుగుతుంది. పిడి బయటికి ఒరుగుతుంది, గుబ్బ కనిపిస్తుంది. గట్టి బెల్టు తీసుకోండి. ఎక్కువగా అంగుళంన్నర వెడల్పువి ఉంటాయి. క్లిప్పు కూడా అదే వెడల్పుకు ఉండాలి. క్లిప్పు వెడల్పుగా, బెల్టు సన్నగా ఉంటే ప్రతి అడుగుకూ హోల్‌స్టర్ ఊగుతుంది.

తరువాత వాలు. బొడ్డును గడియారంలో 12 అనుకుంటే కుడి తుంటి 3. అక్కడ నిటారుగా పెడితే పిడి వెనక్కి పొడుచుకొస్తుంది. క్లిప్పు స్క్రూలు తీసి పక్క రంధ్రానికి మార్చి, పిడి ముందుకు వంగేలా ఓ పదిహేను డిగ్రీలు వాల్చండి, 4 దగ్గరికి జరపండి. పిడి పక్కటెముకల వంపులో కలిసిపోతుంది. బొడ్డుకు కుడిపక్కన, ముందువైపు పెట్టుకునేవారికి నిటారే మంచిది. అక్కడ పిడిని లోపలికి నెట్టే చిన్న ప్లాస్టిక్ రెక్క ఒకటి బిగిస్తారు, అది బెల్టును ఒత్తుకుని పిడిని పొట్టవైపు తిప్పుతుంది. నేను అదే వాడతాను. నా తుంటి వంపుకు 4 దగ్గర కుదరదు, పిడి నేరుగా పక్కటెముకల్లోకి దిగుతుంది.

తొడ పొడవడానికి మందు ఎత్తు. క్లిప్పును కింది రంధ్రానికి మారిస్తే హోల్‌స్టర్ పైకి లేస్తుంది. మరీ లేపితే పైబరువు ఎక్కువై బయటికి ఒరుగుతుంది. ఒక్కో రంధ్రం మార్చి, రోజంతా ఖాళీగా ఇంట్లో పెట్టుకు తిరగండి. అంట్లు తోమండి, కారెక్కండి, నేల మీద కూర్చుని భోంచేయండి. అద్దం ముందు నిలబడితే అన్నీ బాగానే ఉంటాయి.

పెట్టేటప్పుడు చొక్కా కొస మొత్తం పైకి పట్టుకుని, కళ్లతో చూస్తూ నెమ్మదిగా దింపండి. జాకెట్ తాడో, కుర్తా కొసో ట్రిగ్గర్ గార్డులోకి దూరితే మీరు విన్న ఆ "టక్" మళ్లీ వినాల్సి వస్తుంది. తుపాకులు తేవద్దని బోర్డు పెట్టిన చోటికి వెళ్లాల్సి వస్తే కారులో పిస్తోలును హోల్‌స్టర్ నుంచి తీయకండి. హోల్‌స్టర్‌తో సహా నడుము నుంచి తీసి, తాళం ఉన్న పెట్టెలో పెట్టండి. డ్యాష్‌బోర్డు మీద మాత్రం వద్దు. మన టెక్సస్ ఎండకు మూసిన కారు కొలిమే.

చాదస్తపు చారి (అట్లాంటా), శనివారం

స్క్రూలు ఊడిపోకుండా లాక్‌టైట్ జిగురు పోయమంటారా?

మరమేకు (ఒహాయో), శనివారం

పోయొద్దు. ద్రవరూపంలో ఉన్న ఆ జిగుర్లు కొన్ని ప్లాస్టిక్‌లకు తగిలితే సన్న పగుళ్లు తెస్తాయి. వాడాల్సి వస్తే నీలిరంగుది, స్క్రూ మరల మీద ఆవగింజంత, రేకుకు తగలకుండా. అంతకంటే రబ్బరు వాషర్ సరిగ్గా నొక్కుకునేలా బిగించి, వారానికోసారి చూసుకోవడం నయం.

సావిత్రి (హ్యూస్టన్), శనివారం

నేను స్క్రూ తల మీదనుంచి హోల్‌స్టర్ మీదకు గోళ్ల రంగుతో ఒక సన్న గీత గీస్తాను. గీత రెండు ముక్కలుగా విడిపోయి కనిపిస్తే స్క్రూ తిరిగినట్టే. బిగించాక మళ్లీ గీసుకోవడమే.

తోలుబెల్టు (న్యూజెర్సీ), శనివారం

అమ్మా, ఈ చిట్కా ముప్పై ఏళ్ల క్రితం తెలిస్తే నా మూత బొత్తాం నాలుగుసార్లు ఊడేది కాదు. ఆయుధాగారంలో రంగు ఏదని అడిగితే ఏం చెప్పేవాణ్ణో మరి.

గోదారిగట్టు (ఫ్రిస్కో), ఆదివారం రాత్రి

గట్టి బెల్టు వచ్చింది. 4 దగ్గర, పదిహేను డిగ్రీల వాలు, ఒక రంధ్రం ఎత్తు. నిన్నంతా ఖాళీ పిస్తోలుతో ఇంట్లో తిరిగాను. పప్పు తాలింపు వేశాను, పాప సైకిలు బాగుచేశాను, పీట మీద కూర్చుని తిన్నాను. తొడ పొడవలేదు. పీట మీదనుంచి లేచేటప్పుడు ఒక్కసారి పక్కటెముకకు తగిలింది, ఇంకో అర రంధ్రం ఉంటే బాగుండేది. డమ్మీ తూటాలతో ఊపితే మొదట జారింది. ఇంకో పావు చుట్టు బిగించాక ఆగింది.

గీతకు ఎరుపు గోళ్ల రంగు వాడాను. సీసా తిరిగి ఇవ్వమంటోంది మా ఆవిడ, కాటుక అప్పు కూడా ఇంకా తీరలేదట. క్లిప్పు స్క్రూలు రెండిటికీ గీతలు పెట్టి రెండూ ఇచ్చేస్తాను.